రొయ్యల పచ్చడి పెడతావటగా

అమ్మలూ,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, ఉద్యోగం మానేసి బరంపురంలోనే రొయ్యల పచ్చడి యూనిట్ పెడతావట. నాకొక్క ముక్క చెప్పలేదేమే? వినగానే గర్వంగానే ఉంది గానీ రాత్రి నిద్రపట్టలేదు, లేచి కూర్చుని ఇది టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

లైసెన్సు, సీసాలు, లేబుళ్లు నాకంటే నీకే బాగా తెలుసు. రొయ్యలు గోపాల్‌పూర్‌లో మన నోలియా జాలర్ల దగ్గర పడవ దిగగానే కొని ఐస్‌లో తెచ్చుకో.

ఇక అసలు సంగతి. ఓసారి మన ఊరి ఠాకురాణి అమ్మవారి యాత్రకి చుట్టాలొస్తారని ఐదు కిలోల రొయ్యలు ఒలిపించా. ఒలిచిన మనిషి చూపుడువేలికి చీముపుండు, గుడ్డ చుట్టుకుంది. నేను చూశా, చూసి ఊరుకున్నా. ఉప్పు, పసుపు పట్టించి మూతపెట్టి, ఎండాకాలం ఉక్కలో వంటింట్లోనే రాత్రంతా వదిలేశా, ఉప్పుందిగా ఏం కాదులే అని. తెల్లారి గలగలలాడేదాకా వేయించి పచ్చడి కలిపా. ఎర్రగా, ఎంత బాగుందో! మధ్యాహ్నం తిన్నవాళ్లకి మూడు గంటల్లోనే వాంతులు మొదలు. మీ తాతయ్యకి సెలైన్ ఎక్కించారు. తొమ్మిదేళ్ల మీ నాన్న బకెట్ ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది.

తర్వాత చదివి తెలుసుకున్నా, పుండులో ఉండే స్టెఫైలోకాకస్‌కి ఉప్పంటే లెక్కలేదట. మిగతా క్రిములు ఉప్పుకి నీరు పోగొట్టుకుని ముడుచుకుపోతుంటే, ఇది ప్రోలిన్, బీటైన్ లాంటివి లోపల దాచుకుని నీరు పోకుండా కాపాడుకుంటుంది, పోటీ లేనిచోట హాయిగా పెరుగుతూ విషం వదులుతుంది. వేయిస్తే క్రిమి చస్తుంది, విషం అలాగే ఉంటుంది. పరీక్ష చేయించలేదు కాబట్టి ఒట్టేసి చెప్పలేను గానీ, తిన్న కాసేపటికే వాంతులంటే నా అనుమానం దాని మీదే.

అందుకే తల్లీ, క్రిమిని సగం కొట్టి వదలకు, దెబ్బతిన్న పాముతో సమానం. గోరువెచ్చగా కాచి వదిలేస్తే కొన్ని వేడిని ఓర్చుకునే ప్రోటీన్లు తయారుచేసుకుని తర్వాత అసలు మంటకి మొండికేస్తాయి. సాల్మొనెల్లా అనే క్రిమికి ముందు కాస్త పులుపు తగిలిందంటే ఎక్కువ పులుపుకి సిద్ధమైపోతుంది, అందుకని నిమ్మరసం ఈపూట కొంచెం రేపు కొంచెం అని పోయకు, ఒక్కసారే పోసి పులుపు కొలిచే పీహెచ్ మీటర్ పెట్టి చూడు, పులుపు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది, 4.6 కంటే బాగా కిందకి రావాలి. ఫ్రిజ్‌లో పెట్టాగా అత్తా అనకు, లిస్టీరియా అనే క్రిమి 4 డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. పచ్చి వెల్లుల్లి నూనెలో ముంచి రోజుల తరబడి బయట ఉంచటం మాత్రం నాకసలు భయం, బొట్యులినం అనే విషపు క్రిమి స్పోర్లు, అంటే గట్టి పెంకున్న గింజల్లాంటివి, మరిగే నీళ్లకి కూడా చావవు, 121 డిగ్రీలు కావాలి, నూనె కింద గాలి ఆడదుగా, వాటికి పండగే.

అత్తకి చాదస్తం అని నవ్వుకుంటున్నావు, నవ్వుకో. కానీ రోజూ పనిలోకి వచ్చేవాళ్ల చేతులు నువ్వే పట్టుకుని చూడు. ఎవరికైనా పుండుంటే ఆ రోజు కూలి ఇచ్చి ఇంటికి పంపేయ్, ఆ కూలి డబ్బులు నేనిస్తా. మొదటి సీసా నాకే పంపాలి, కారం తగ్గించకు.

మీ అత్త