పిరమిడ్ పైన నిలబడే అమ్మాయికి ముందు దారి ఏమిటి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చేసి ఇప్పుడు భీమవరంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ జిమ్నాస్టిక్స్ బృందంలో ఉంది. ఫిబ్రవరి చివర్లో వార్షికోత్సవం ఉంది కాబట్టి రోజూ సాయంత్రం రెండున్నర గంటలు ప్రాక్టీసు చేయిస్తున్నారు. పిరమిడ్‌లో అందరికన్నా పైన నిలబడేది తనే. ఏప్రిల్‌లో సెమిస్టర్ పరీక్షలు. అడిగితే 'నా కెరీర్ ఇదే' అంటోంది. పంపమంటారా, మాన్పించమంటారా?
- ఒక తండ్రి, పాలకొల్లు దగ్గర

జవాబు: పంపండి. కాకపోతే ప్రదర్శన వేరు, కెరీర్ వేరు. ఈ రెండు నెలల్లో మీ అమ్మాయి ఆ తేడా తెలుసుకుని రెండో దానికి కావలసిన కాగితాలు కూడా సంపాదించుకోవాలి. వార్షికోత్సవంలో ఇచ్చే మెమెంటో, ప్రశంసాపత్రం ఏ ఉద్యోగ దరఖాస్తులోనూ పనికిరావు. కష్టపడే పిల్లలకు ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు.

కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటాకు గుర్తించిన ఆటల్లో జిమ్నాస్టిక్స్ ఉంది. అయితే అక్కడ అడిగేది పోటీల్లో పాల్గొన్న రుజువు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే రాష్ట్ర సంఘం కార్యదర్శి ఇచ్చే ఫారం 2, వర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే వర్సిటీ క్రీడా డీన్ లేదా డైరెక్టర్ సంతకం చేసే ఫారం 3 కావాలి. మీ అమ్మాయి చేతికి అందే దూరంలో ఉన్నది ఫారం 3. భీమవరం కాలేజీలు రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ వర్సిటీ పరిధిలోకి వస్తాయి. అంతర్ కళాశాల పోటీలు, వర్సిటీ జట్టు ఎంపికలు ఎప్పుడో, ఏ విభాగాలకు జట్టును పంపుతారో కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారిని ఈ వారమే అడగమనండి. ఎంపికల తేదీ దాటిపోతే ఇంకో ఏడాది ఆగాలి, డిగ్రీలో తనకు మిగిలింది ఆ ఒక్క ఏడాదే. రాష్ట్రంలోనూ 2024-29 క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. అక్కడా చూసేది పోటీ సర్టిఫికెట్లనే.

పోటీకి వెళ్లాలంటే పిరమిడ్ ఎక్కడం వస్తే చాలదు. మహిళల ఆర్టిస్టిక్ విభాగంలో నాలుగు పరికరాలుంటాయి: పరుగెత్తి వచ్చి బల్ల మీదుగా ఎగిరే వాల్ట్, ఎత్తు తేడా ఉన్న రెండు బార్లు, సన్నని దూలం లాంటి బీమ్, ఫ్లోర్. బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎత్తు 125 సెంటీమీటర్లు. ప్రదర్శనల కోసమే తయారైన పిల్లలు చాలామంది దాని మీద ఎప్పుడూ కాలు పెట్టి ఉండరు. దీపా కర్మాకర్ ఆరేళ్ల వయసులో మొదలుపెట్టి, 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో 15.066 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచింది. మన తెలుగమ్మాయి, హైదరాబాద్‌కు చెందిన బుద్దా అరుణారెడ్డి 2018 మెల్‌బోర్న్ ప్రపంచకప్ వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. కాలేజీకి వచ్చాక మొదలుపెట్టినవారికి ఆ స్థాయి అందదని మీ అమ్మాయికి సూటిగా చెప్పండి. బాధపడుతుంది, కానీ అబద్ధపు ఆశ కన్నా అది మేలు. అయినా తన శ్రమ వృథా కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరినొకరు మోస్తూ చేసే అక్రోబాటిక్ జిమ్నాస్టిక్స్ అంతర్జాతీయ సమాఖ్య గుర్తింపు ఉన్న విభాగమే. పిరమిడ్‌లో నేర్చుకున్నది నేరుగా అక్కడ పనికొస్తుంది.

ఇక మీ అసలు భయం పడిపోతుందేమోనని. ఆ భయం న్యాయమైనదే. ఒక సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్లి చూడండి. కింద చేతులూ మోకాళ్ల మీద ఉన్న పిల్లల వీపు మధ్యలో పైవాళ్లు కాలు పెడుతున్నారా? అది తప్పు. బరువు తుంటి ఎముక మీద గానీ భుజాల మీద గానీ పడాలి, నడుము వంపు మీద పడకూడదు. అరచేతులు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద నిటారుగా ఉండాలి. నిలబడి భుజాల మీద మోసే అమ్మాయి, పైనున్నవారి పిక్కల్ని మోకాలికి కాస్త కింద వెనక నుంచి గట్టిగా పట్టుకోవాలి. లెక్క చెప్పేది ఒక్క గొంతే. దిగేటప్పుడు అందరికన్నా పైనున్నవారు ముందు దిగాలి, కిందివాళ్లు అప్పటిదాకా కదలకూడదు. చాలా ప్రమాదాలు కట్టేటప్పుడు కాదు, చప్పట్లు మొదలవగానే కింద ఒకరు సడలినప్పుడు జరుగుతాయి. పైన నిలబడే ప్రతి ఒక్కరికీ పడితే పట్టుకోవడానికి ముందొకరు, వెనకొకరు కాపు ఉండాలి. వాళ్ల చూపు ప్రేక్షకుల మీద కాక పైనున్న మనిషి నడుం మీద ఉండాలి. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడే మూడంతస్తుల కట్టు ఈ స్థాయి బృందానికి వద్దని నా గట్టి అభిప్రాయం.

వేదిక సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే గ్రౌండ్‌లో బాగా వచ్చింది స్టేజీ మీద చెడిపోయేది ఇక్కడే. పోటీ ఫ్లోర్ 12 మీటర్ల చదరం. టెంట్‌హౌస్ వాళ్లు వేసే 30 అడుగులకు 20 అడుగుల స్టేజీలో మూల నుంచి మూలకు కొలిచినా 11 మీటర్లు రాదు. పరుగు, రౌండాఫ్ (చేతుల మీద పక్కకు తిరిగి రెండు కాళ్లూ కలిపి దిగడం), రెండు వెనక మొగ్గలు, చివర పల్టీ అంటే ఆ చోటు సరిపోదు. పరుగు తగ్గించుకుంటే ఎత్తు రాదు, ఎత్తు రాకపోతే మోకాళ్ల మీద పడతారు. ఒక మొగ్గ తీసేయాలి, లేదా ఆ అంశాన్ని స్టేజీ ముందు నేల మీద చేయాలి. మ్యాట్ల మధ్య సందుల్లో కాలు దిగి చీలమండ మెలిక పడుతుంది కాబట్టి అంచులు కలిపి కింద నుంచి టేపు వేయాలి. అందంగా ఉంటుందని మ్యాట్ల మీద తివాచీ పరిస్తే అది జారిపోతుంది.

మన డెల్టాలో దీనికి తోడు తేమ. ఫిబ్రవరిలో పొద్దు గూకాక మంచు కురుస్తుంది, రెక్సిన్ మ్యాట్ పైన కంటికి కనిపించని తడి చేరుతుంది. కార్యక్రమం మొదలయ్యేదాకా టార్పాలిన్ కప్పి ఉంచి, జిమ్నాస్టిక్స్ వంతుకు ముందు పొడిగుడ్డతో తుడిచి పరవాలి. కొబ్బరిపీచు నింపిన పాత మ్యాట్లుంటే ఇంకా జాగ్రత్త, చెమ్మ పీల్చి గడ్డకడతాయి, పైకి మెత్తగా కనిపించినా లోపల గట్టిగా ఉంటాయి. చేతులకు మెగ్నీషియం కార్బొనేట్ పొడి రాసుకోవాలి, టాల్కం పౌడర్ వద్దు, అది జారుతుంది. శాటిన్ దుస్తులు భుజాల మీద పాదాన్ని నిలవనీయవు. ఆ రోజు వేసుకునే బట్టలతోనే కనీసం మూడుసార్లు పూర్తి ప్రాక్టీసు చేయాలి. మెడకూ చేతులకూ నూనె, మెరుపుల మేకప్ పూయనీయకండి. నిప్పు రింగులోంచి దూకడం ఎవరు అడిగినా మీరు ఒప్పుకోవద్దు. పాలిస్టర్ బట్టకూ విడిచిన జుట్టుకూ క్షణం చాలు.

చివరి రెండు వారాల్లో కొత్త అంశం ఏదీ చేర్చకూడదు. సంక్రాంతి సెలవుల్లో వారం పది రోజులు ఆట ఆగిపోతుంది కాబట్టి, తిరిగొచ్చిన మొదటి మూడు రోజులు పిరమిడ్ కట్టకుండా చేతుల మీద నిలబడటం, దూకి దిగడం లాంటి ప్రాథమిక పని మాత్రమే చేయించాలి. మణికట్టు నొప్పి రెండు రోజులకు తగ్గకపోతే వేదిక సంగతి మరచి డాక్టరుకు చూపించండి. మెడ మీద పడితే ఎవరూ లేవదీయకూడదు, తలను కదలనీయకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలి.

మీ అమ్మాయి ముందున్న దారుల్లో నాకు అన్నింటికన్నా గట్టిగా కనిపించేది బీపీఎడ్, అంటే వ్యాయామ విద్యలో డిగ్రీ. డిగ్రీ అయ్యాక దాని ప్రవేశపరీక్ష పీఈసెట్ రాసి రెండేళ్ల కోర్సు చేస్తే, టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య పోస్టులకు అర్హత వస్తుంది. తర్వాత అందులోనే పీజీ అయిన ఎంపీఎడ్ చేసి, అర్హత పరీక్షలైన నెట్ లేదా సెట్ రాస్తే డిగ్రీ కాలేజీల వైపు వెళ్లొచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. పీఈసెట్‌లో పరుగు, షాట్‌పుట్, ఒక ఆటలో నైపుణ్యం చూస్తారు. పిరమిడ్ పైన నిలబడే సన్నని పిల్లలు షాట్‌పుట్‌లో వెనకబడతారు. మహిళల గుండు 4 కిలోలు. మార్చి నుంచి వారానికి రెండు రోజులు దానికి కేటాయించమనండి. నోటిఫికేషన్‌లోని ఆటల జాబితా చూసి, అందులో తనకు నప్పేది ఇప్పుడే ఎంచుకోవాలి.

రెండోది కోచింగ్. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి నడుస్తోంది, అక్కడి డిప్లొమాలో జిమ్నాస్టిక్స్ ఉంది. డిగ్రీతో పాటు పోటీల్లో ఎక్కడిదాకా వెళ్లారో చూస్తారు. అంటే ఇందాక చెప్పిన వర్సిటీ జట్టు ఇక్కడా అక్కరకొస్తుంది. ఫిజియోథెరపీ కూడా తన ఇంటర్‌కు తగినదే, కానీ కోర్సు మొదటి నుంచి చదవాలి. ఆ ఖర్చు, ఆ ఏళ్లు మీకు కుదురుతాయో లేదో మీరే తేల్చుకోవాలి.

అమలాపురం దసరాకు కర్రలు, కత్తులు తిప్పే చెడీ తాలింఖానా చూసే ఉంటారు. ఒంటిని ఆడించే విద్యకు గోదావరి జిల్లాల్లో ఆదరణ కొత్తగా రావలసిన పని లేదు. లేనిదల్లా చిన్నపిల్లలకు పద్ధతిగా, దెబ్బ తగలకుండా నేర్పేవాళ్లు. మీ అమ్మాయి కోచ్ కావాలనుకుంటే ఈ ప్రదర్శనలోనే పైన నిలబడటంతో పాటు కాపు కాయడం, లెక్క చెప్పడం, చిన్నవాళ్లకు వార్మప్ చేయించడం కూడా అడిగి తీసుకోవాలి. రోజూ ఏం చేయించారో, ఎవరికి ఎక్కడ నొప్పొచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకోమనండి.

చదువు విషయానికొస్తే, ప్రాక్టీసు రెండున్నర గంటల్లో తన వంతు కోసం ఎదురుచూసేదే ఎక్కువ ఉంటుంది. పిరమిడ్ ప్రాక్టీసును వారానికి మూడు రోజులకు కుదించి, మిగతా రోజులు గంటతో ముగించమని పీడీ గారిని మీరే మర్యాదగా అడగండి. అలసిపోయిన కింది వరుసతో రోజూ కట్టించడం క్షేమం కాదు కాబట్టి, ఆయనకూ ఆ మాట నచ్చే అవకాశముంది. ఒకవేళ కాపు కాసే మనుషులు లేరనీ, మందపు మ్యాట్లు తెప్పించలేమనీ అంటే మాత్రం అమ్మాయిని బృందంలోనే ఉంచి, పై నుంచి దింపి ఫ్లోర్ అంశాల్లోకి మార్పించండి.