కెర్నలా, ఏఐ కోర్సా?

ప్రశ్న: మా అబ్బాయి సీఎస్ఈ మూడో సంవత్సరం. రాత్రిళ్లు లైనక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్ దిద్దుతానని కూర్చుంటాడు. ఏదో సీపీయూ హాట్‌ప్లగ్ అంట, రూపాయి రాదు. ద్వారకానగర్‌లో ఏఐ కోర్సులో చేరమంటే వినడు. రెండింట్లో ఏది మేలు?
– స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, గాజువాక

జవాబు: అయ్యా, మీ బెంగ కోర్సు గురించి కాదు. క్యాంపస్‌లో ఉద్యోగం రాకపోతే చుట్టాలకేం చెప్పాలని. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో ఏఐ హబ్ పెడతానన్న దగ్గర్నుంచి నా దగ్గరకొచ్చే తల్లిదండ్రులందరిదీ ఇదే వరస. మూణ్ణెల్ల సర్టిఫికెట్ చూసి అక్కడ కుర్చీ వేస్తారా? ఎవరో రాసిన కోడ్ రన్ చేయించి ‘ప్రాజెక్టు’ అని చేతిలో పెట్టే కోర్సులు బోలెడు చూశాను. ఈ లైను ఎందుకు రాశావని ఇంటర్వ్యూలో అడిగితే పిల్లాడికి నోరు పెగలదు. ఏఐ వద్దనను. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా రాకుండా ఆ ఫీజు దండగంటాను. పైగా ఆ ఏఐ నడిచేదీ ఎక్కువగా లైనక్స్ సర్వర్ల మీదే.

మీవాడు ఏం రాస్తున్నాడో ఒక్కసారైనా పక్కన కూర్చుని అడిగారా? నన్నడిగే ముందు వాణ్ని అడగాల్సింది. కెర్నల్ అంటే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ, డాక్యుమెంటేషన్ అంటే దాని మాన్యువల్. సిస్టమ్ ఆపకుండానే ఒక సీపీయూని (ప్రాసెసర్‌ని) పక్కకు తప్పించి, మళ్లీ పనిలోకి తేవడమే హాట్‌ప్లగ్. కంప్యూటర్ బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి ‘మ్యాక్స్‌సీపీయూస్=4’ అని ఇస్తే మొదట నాలుగే లేస్తాయి, మిగతావి తర్వాత ఆన్ చేసుకోవచ్చు. ‘ఎన్ఆర్_సీపీయూస్=4’ ఇస్తే ఆ నాలుగే; ఐదోది కావాలంటే రీబూట్ చేయాల్సిందే. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) ప్రాసెసర్లలో సీపీయూ0ని, అంటే మొదటిదాన్ని, తప్పించే వీలును 2023లో, కెర్నల్ 6.5 వెర్షన్‌లో తీసేశారు. కోడ్ మారినప్పుడల్లా రాతా మారాలి. నడుస్తున్న యంత్రానికి పాత మాన్యువల్ పట్టుకుని దిగితే ఏమవుతుందో ప్లాంటులో పనిచేసే మీకు నేను చెప్పాలా?

అలాగని మీవాడికీ ఒక మాట. అక్షరదోషం దిద్దిన ఒక్క పాచ్‌తో (పంపే సవరణతో) ఉద్యోగం రాదు. క్యూఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టి, తను రాసిన ప్రతి వాక్యాన్నీ నడిపి చూడాలి. కెర్నల్‌లో ఆ భాగం చూసుకునే మెయింటెయినర్ తిప్పి పంపితే అలగకుండా రెండో వెర్షన్ పంపాలి. ఈ తరహా ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో ఉంటాయి, సంఖ్యా తక్కువే. కాబట్టి క్యాంపస్ పరీక్షలు మానకూడదు. బ్యాక్‌లాగ్‌లుంటే అవి ముందు. కోర్సు ఫీజు కట్టకండి. పాత ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ పెంచి ఇవ్వండి, కెర్నల్ కంపైల్ చేయడానికి పనికొస్తుంది.