రెడీమిక్స్ బండ్లు వరుసకట్టి నిలబడకుండా...

ప్రశ్న: మొదటి అంతస్తు స్లాబుకు మూడు మిక్సర్ బండ్లు ఒకేసారి వచ్చాయి. చివరిది గంటన్నర ఆగింది, కొంత కాంక్రీటు మిగిలిపోయింది. రెండో స్లాబు 1,200 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం. ఈసారి ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: స్లాబు ఒక్కటే 500 ఘనపుటడుగులు, అంటే సుమారు 14.2 ఘనపు మీటర్లు. స్లాబు అడుగున దిగే బీముల భాగాన్ని విడిగా కొలిచి కలపండి. చాలామంది తప్పేది ఇక్కడే. మొదటి రెండు బండ్లు 6 ఘనపు మీటర్ల చొప్పున నిండుగా రమ్మనండి. మూడోదానికి మాత్రం ముందే పరిమాణం ఖాయం చేయొద్దు. రెండో బండి సగం ఖాళీ కాగానే మిగిలిన జాగాను టేపుతో కొలిచి, కాంక్రీటు కలిపి పంపే ప్లాంటుకు ఫోన్లో చెప్పండి. ప్లాంటు దూరమైతే ఇంకా ముందే కొలవాలి.

బండ్ల మధ్య ఎడం ఎంతంటే, మీ పంపు ఒక బండిని ఖాళీ చేసే సమయమే. బండితో వచ్చే చలానాపై నీళ్లు కలిపిన టైము చూడండి. రిటార్డర్ (కాంక్రీటు త్వరగా బిగుసుకోకుండా కలిపే మందు) వేయకపోతే 2 గంటల్లోపు దింపాలి. ఆగిన బండిలో డ్రమ్ము తిరిగినంతసేపూ డీజిల్ ఖర్చే, కాంక్రీటూ బిగుస్తుంది. అప్పుడు డ్రైవరు నీళ్లు పోస్తానంటే ఒప్పుకోవద్దు, బలం తగ్గుతుంది. పంపు బిగించి, పైపులు సరిచూశాకే మొదటి బండిని బయల్దేరమనండి.