క్షమించమని రోగిని తొందరపెట్టకండి

"దీర్ఘకాలిక జబ్బుతో ఉన్నవాళ్లు తమను బాధపెట్టినవాళ్లను క్షమిస్తే మనసు కుదుటపడుతుందా?" అని అడిగారు. నాకు ఆరేళ్లుగా డయాలసిస్. మంగళ, గురు, శని. కుదుటపడుతుందనే చెబుతాను. కాకపోతే అంతకన్నా ముందు ఆ బాధపెట్టినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి కోపమంతా అనేయాలి. రోగికి ఆ అవకాశం మన ఇళ్లలో ఎవరూ ఇవ్వరు.

నాకు కిడ్నీ ఇస్తానని మా తమ్ముడు తనే ముందుకొచ్చాడు. బ్లడ్ గ్రూప్ కలిసింది, నా ఒళ్లు వాడి కిడ్నీని తిప్పికొడుతుందేమో చూసే క్రాస్ మ్యాచ్ పరీక్షా బాగానే వచ్చింది, తేదీ కూడా అనుకున్నాం. వారం ముందు వాడి ఫోన్ స్విచాఫ్. మా ఆయనకు షుగర్, ఆయన ఇవ్వడానికి లేదు. వాడి ఇంజనీరింగ్ ఫీజు కోసం వైజాగ్ కురుపాం మార్కెట్‌లో నా గాజులు నాలుగూ అమ్మినదాన్ని నేను.

రెండేళ్లు మాటల్లేవు. వాడు గుర్తొస్తే చాలు, గొంతు ఎండిపోయేది. రోజుకు లీటరు దాటకూడదని తెలిసీ చెంబెత్తి తాగేసేదాన్ని. ఒక డయాలసిస్‌కీ ఇంకోదానికీ మధ్య నాలుగు కేజీలు పెరిగేదాన్ని. అంత నీరు నాలుగు గంటల్లో లాగేస్తుంటే చివర్లో బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి ఏడుపొచ్చేది. నా కోపమే నీరై ఒంట్లో చేరిందని ఇప్పటికీ నమ్ముతాను. డాక్టరుగారు ఆ దాహానికి కారణం ఉప్పు అంటారు. ఉప్పు అంతకుముందూ అంతే తినేదాన్ని.

ఇక చూడ్డానికొచ్చే చుట్టాలు. "పెద్దదానివి, నువ్వే సర్దుకుపోవే, నీ ఆరోగ్యానికే మంచిది" అంటారు, చేతిలో కొబ్బరిబొండం. అందులో పొటాషియం ఎక్కువని, మాకు అది పెరిగితే గుండే ఆగిపోవచ్చని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే తెస్తారు. దాత ఇష్టపడకుండా అవయవం తీసుకోకూడదని 1994 నుంచి చట్టం ఉంది. వాడి కిడ్నీ బలవంతంగా తీసుకోకూడనప్పుడు నా క్షమను మాత్రం ఎలా లాక్కుంటారు?

ఆషాఢ పౌర్ణమి నాడు వాడే వచ్చాడు. రాత్రంతా సింహాచలం అప్పన్న కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేశాడట, ముప్పై రెండు కిలోమీటర్లు. అరికాళ్ల నిండా బొబ్బలు. నేను డయాలసిస్ నుంచి వచ్చి పడుకుని ఉన్నాను.

"అప్పన్నకి చెప్పుకుని వచ్చానక్కా" అన్నాడు.

"అప్పన్నకి కాదురా, నాకు చెప్పు. ముందు నా గాజులు తెచ్చివ్వు" అన్నాను.

తర్వాత పావుగంట ఏమేమి అన్నానో నాకే తెలీదు. మా ఆయన "పోనీవే" అంటూ వస్తే బయటికి పొమ్మన్నాను. వాడు తల దించుకుని అన్నీ విన్నాడు. చివరికి, "భయమేసిందక్కా. ఆసుపత్రి గేటు దాకా వచ్చి వెనక్కెళ్లిపోయాను" అన్నాడు.

వాడి చెయ్యి లాగి నా ఎడమ చేతి ఫిస్టులా మీద, అంటే డయాలసిస్ సూదుల కోసం ధమనినీ సిరనీ కలిపి కుట్టిన చోట, పెట్టాను. అక్కడ రక్తం జుమ్మని పరిగెడుతుంటుంది, తుమ్మెదని గుప్పిట్లో పట్టుకున్నట్టు. వాడు ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"ఇది ఆగిపోతే కదరా భయపడాలి" అన్నాను. వాడు చెయ్యి తీయలేదు.

ఆ తర్వాత రెండు డయాలసిస్‌ల మధ్య నా బరువు రెండున్నర కేజీలకు మించి పెరగలేదు. మా అమ్మాయి ఎవరెట్ వర్తింగ్టన్ అనే అమెరికా సైకాలజిస్టు గురించి చదివి చెప్పింది. ఆయన తల్లిని ఇంట్లో దూరిన దొంగ చంపేశాడట. క్షమించాలని నిర్ణయించుకోవడం వేరు, మనసులో మంట చల్లారడం వేరు అంటాడాయన. నిజం. నేను నిర్ణయమైతే తీసుకున్నాను గానీ, పెళ్లిళ్లలో ఎవరి చేతికైనా కొత్త గాజులు కనిపిస్తే ఇప్పటికీ కలుక్కుమంటుంది.

శనివారాలు వాడే బండి మీద ఇంటికి తీసుకొస్తున్నాడు. మొన్న ఎన్ఏడీ జంక్షన్ దాటాక బండి ఆపి కాఫీ తాగుతావా అన్నాడు. సగం చాలన్నాను. మిగతా సగం అదే గ్లాసులో వాడు తాగాడు.