ప్రిన్సిపుల్సా, జావానా?

ప్రశ్న: మా అమ్మాయి వచ్చే ఏడాది టెన్త్ గ్రేడ్. ఇక్కడ అమెరికాలో వాళ్ల హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సు) కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్, ఏపీ కంప్యూటర్ సైన్స్ ఏ రెండూ ఉన్నాయి. తను ఇంతవరకు కోడింగ్ ముట్టుకోలేదు. ఆల్జీబ్రా 1 అయిపోయింది. ప్రిన్సిపుల్స్ తేలికని, కాలేజీలవాళ్లు దాన్ని లెక్కచేయరని తెలిసినవాళ్లు అంటున్నారు. నేరుగా ‘ఏ’లో చేర్పించమంటారా? కోర్సులు ఎంచుకునే గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: నేను ఈ రెండు కోర్సులూ హైస్కూల్లో చెబుతాను కాబట్టి ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. ముందు ఒక అపోహ తీరాలి. ప్రిన్సిపుల్స్ చదివితేనే ‘ఏ’కి వెళ్లాలన్న నియమం ఏపీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డ్ పెట్టలేదు. రెండింటికీ ఆల్జీబ్రా 1 గట్టిగా వస్తే చాలు. మీ స్కూలు సొంతంగా షరతు పెట్టిందేమో కౌన్సెలర్‌ని అడగండి.

ప్రిన్సిపుల్స్ 2016లో మొదలైంది. ఇంటర్నెట్ ఎలా నడుస్తుంది, డేటాని ఎలా కుదిస్తారు, సమాచారాన్ని రహస్యంగా ఎలా పంపుతారు లాంటివి అందులో ఉంటాయి. ప్రోగ్రామింగ్ ఏ భాషలో చెప్పాలన్నది టీచర్ ఇష్టం. పిల్లలు సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాసి, అది నడుస్తుంటే వీడియో తీసి పంపాలి. పరీక్ష రోజున ఆ కోడ్ మీదే ప్రశ్నలు వస్తాయి. స్కోరులో 30 శాతం దీనిదే. ఇంకొకరి కోడ్ తెచ్చి అతికించిన పిల్లలు ఆ ప్రశ్నల దగ్గరే దొరికిపోతారు.

‘ఏ’ అచ్చంగా జావా అనే ప్రోగ్రామింగ్ భాషలోనే ఉంటుంది. పరీక్షలో 42 ఆబ్జెక్టివ్ బిట్లు, నాలుగు కోడ్ రాసే ప్రశ్నలు, మూడు గంటలు. కంప్యూటర్ మీదే రాస్తారు గానీ రన్ చేసి చూసుకునే వీలుండదు, తప్పులు కంటితోనే పట్టుకోవాలి. అన్నట్టు, చుట్టాల పిల్లల పాత గైడ్లు తెచ్చుకోకండి. 2025–26 నుంచి సిలబస్ మారింది. ఇన్‌హెరిటెన్స్ అనే పాఠం తీసేశారు, ప్రోగ్రామ్‌తో ఫైల్ చదివించడం చేర్చారు.

కాలేజీల సంగతికొస్తే, ఏపీ స్కోరు చూసి క్రెడిట్ ఇవ్వడం, అంటే కాలేజీ కోర్సు చదివినట్టే లెక్కకట్టడం, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా) తీసుకునేవాళ్లకి ‘ఏ’ స్కోరు ఎక్కువ పనికొస్తుందన్నది నిజమే. కానీ టెన్త్‌లో ప్రిన్సిపుల్స్, లెవెన్త్‌లో ‘ఏ’ చదివిన అమ్మాయిని ఎవరూ చిన్నచూపు చూడరు. తొందరపడి ‘ఏ’లో కూర్చోబెడితే అక్టోబర్‌కల్లా లూపుల (ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించే కోడ్) దగ్గర బెంబేలెత్తి, ఈ సబ్జెక్టే నాకొద్దంటారు కొందరు. నాకు బాధ కలిగేది అక్కడే.

గడువులోపు ఒక పని చేయండి. కోడింగ్‌బ్యాట్ అని ఉచిత వెబ్‌సైట్ ఉంది. జావా విభాగంలో వార్మప్-1 తెరవమనండి. మొదటి లెక్కే సరదాగా ఉంటుంది: ఈరోజు పనిదినమా, సెలవుల్లో ఉన్నామా అన్నది ఇస్తే, పొద్దెక్కేదాకా నిద్రపోవచ్చో లేదో ప్రోగ్రామ్ చెప్పాలి. ఒక వారాంతం తనని అలా వదిలేయండి. ఎన్ని చేసిందని లెక్కపెట్టకండి. ఎర్రర్ వచ్చినప్పుడు అది చదివి మళ్లీ ప్రయత్నిస్తోందా, లేక విసుగొచ్చి లేచిపోతోందా చూడండి. పట్టుబట్టి కూర్చుంటే ‘ఏ’కి పంపండి. లేచిపోతే ప్రిన్సిపుల్స్‌తో మొదలుపెట్టనివ్వండి.

వాళ్ల నాన్నగారు సాఫ్ట్‌వేర్ అయితే ఆ రెండు రోజులూ కీబోర్డు దగ్గరికి రానివ్వకండి. మన ఇళ్లలో పిల్ల అడిగేలోపే నాన్న కోడ్ సరిచేసేస్తారు, పిల్ల ఫోన్ చూసుకుంటూ ఉంటుంది.

ఇంకో మాట. ఏది తీసుకున్నా, దానికి చోటు కోసం మ్యాథ్స్ మాత్రం తగ్గించకండి. కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదవాలంటే చాలాచోట్ల కాలిక్యులస్ ఎలాగూ తప్పదు. జావా రాకుండా వచ్చేవాళ్లకి అక్కడ మొదటి ఏడాదిలో ప్రోగ్రామింగ్ మొదట్నుంచీ నేర్పుతారు.