ముత్యాల దండలో వెండి నల్లబడింది, చింతపండుతో తోమొచ్చా?

గుంటూరు నుంచి అడిగారు కదండీ, అమ్మగారిచ్చిన రెండు పేటల ముత్యాల దండ, మధ్యమధ్యలో వెండి గుళ్ళు, వెండి కొక్కెం, వెండంతా నల్లబడింది ముత్యాలేమో పసుపుబారాయి, చెల్లెలి పెళ్ళిలోపు చింతపండు నీళ్ళలో నానబెట్టి తోమొచ్చా, అసలివి నిజం ముత్యాలేనా అని. చింతపండు వద్దే వద్దండీ, ఆ మాట చెప్దామనే ఇంత రాత్రప్పుడు కూర్చుని టైప్ చేస్తున్నా.

మా నాన్న విజయవాడ వన్‌టౌన్‌లో చిన్న గదిలో ముత్యాలు గుచ్చేవారు, సరుకు హైదరాబాద్ పత్తర్‌గట్టి నుంచి తెచ్చుకునేవారు, నేను డిగ్రీ అయ్యేదాకా సాయంత్రాలు ఆయన పక్కనే కూర్చుని ముడులు వేసేదాన్ని. ఒకసారి మా పెద్దమ్మ పండక్కి వెండి కుందులతో పాటు తన ముత్యాల దండ కూడా చింతపండు నీళ్ళలో వేసి అరగంట వదిలేసింది. కుందులు తళతళలాడాయి. ముత్యాలు మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయాయి. నాన్న వాటిని వేళ్ళ మధ్య తిప్పి చూసి ఏమీ అనకుండా పొట్లం కట్టి ఇచ్చేశారు. అది పెద్దమ్మకి వాళ్ళ అత్తగారు పెట్టిన దండ. ఒకసారి పోయిన ఆ నిగారింపు ఏ పాలిష్‌తోనూ తిరిగి రాదండీ.

ముత్యంలో చాలా భాగం కాల్షియం కార్బొనేటే, సున్నపురాయిలో ఉండేదే, పులుపు తగిలితే పైపొర కరుగుతుంది. వెండి నలుపు సంగతి వేరు, గాలిలోని గంధకం వాయువులు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. ఆ నలుపు వదిలించడానికి మనం వాడే చింతపండు, నిమ్మకాయ, షాపుల్లో అమ్మే సిల్వర్ డిప్ అనే వెండి తోమే ద్రావణం అన్నీ ముత్యానికి చేటే. వేడినీళ్ళు, వంటసోడా, అల్యూమినియం ఫాయిల్ చిట్కా ఉత్త వెండి పట్టీలకి బాగా పనిచేస్తుంది, నేనూ చేస్తా, కానీ ముత్యాలున్న వాటికి వద్దు. టూత్‌పేస్ట్ కూడా వద్దు, గీతలు పడతాయి.

మెత్తటి నూలుగుడ్డ తడిపి గట్టిగా పిండి ఒక్కో ముత్యాన్నీ తుడవండి, జిడ్డుంటే ఆ నీళ్ళలో ఒక్క చుక్క బేబీ షాంపూ. దండని నీళ్ళలో ముంచితే పట్టుదారం సాగిపోతుంది. తుడిచాక టవల్ మీద పరిచి రాత్రంతా ఆరనివ్వండి, మేకుకి తగిలించొద్దు. నన్నడిగితే మాత్రం పాత దండే కాబట్టి మొత్తం విప్పించేసి, గుళ్ళూ కొక్కెమూ విడిగా మెరుగు పెట్టించి, మళ్ళీ గుచ్చించుకోండి. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయమని గట్టిగా చెప్పండి, కూలి ఎక్కువ అడుగుతారు, ఇచ్చేయండి, ఎందుకంటే ముడి ఉంటే దారం తెగినా రాలేది ఒకటే, ముత్యాలు ఒకదాన్నొకటి ఒరుసుకోవు కూడా. విప్పేముందు లెక్కపెట్టి ఫోటో తీసి పెట్టుకోండి.

పసుపుబారడం వయసు వల్ల, చెమట వల్ల వచ్చేదే. బ్లీచ్ చేసి తెల్లగా చేస్తామంటే ఒప్పుకోకండి, నాకైతే ఆ పాత మీగడ రంగే అందం.

నిజమా కాదా అని నిప్పు పెట్టి చూస్తారు కొందరు, దయచేసి చేయకండి. రెండు ముత్యాలు ఒకదానికొకటి మెల్లగా రుద్దితే సన్నటి ఇసకలా గరుగ్గా తగలాలి, గాజూ ప్లాస్టిక్కూ అయితే నున్నగా జారిపోతాయి. భూతద్దంతో బెజ్జం దగ్గర చూడండి, నకిలీదైతే అక్కడే రంగు పెచ్చులూడి ఉంటుంది. కల్చర్డ్ ముత్యం అంటే నకిలీ అనుకోకండి, జపాన్‌లో మికిమోటో అనే ఆయన 1893లో చిప్పల్లో పెంచి తీసినప్పటి నుంచీ వస్తున్నవి, అవీ చిప్పలో పుట్టినవే. దానంతటదే పుట్టిందా పెంచిందా అనేది ల్యాబ్‌లో ఎక్స్‌రే తీస్తేనే తేలుతుంది.

కొత్త వెండి కొక్కెం కొంటే 925 ముద్ర చూడండి, అంటే నూటికి 92.5 పాళ్ళు వెండి అని. 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికీ హెచ్‌యూఐడీ నంబర్, అంటే ఒక్కో నగకీ హాల్‌మార్క్‌తో పాటు వేసే విడి గుర్తింపు నంబర్, వచ్చింది, తప్పనిసరి కాదు గానీ ఉంటే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

పెళ్ళిలో సెంటు, పౌడర్ అన్నీ అయ్యాకే దండ వేసుకోండి, మన ఎండలకి చెమట ఎలాగూ తప్పదు కాబట్టి ఇంటికి రాగానే తుడిచి నూలుగుడ్డలో చుట్టండి. ఉత్త వెండిని జిప్ కవర్‌లో పెట్టొచ్చు గానీ దీన్ని వద్దు, ముత్యానికి కాస్త గాలి తగలాలి. రబ్బరు బ్యాండ్ మాత్రం చుట్టకండి, దానిలోనూ గంధకం ఉంటుంది, వెండి వారంలో మళ్ళీ నల్లబడుతుంది.