చివరి పేజీ చించెయ్

చిరంజీవి రమ్యకు,

నీ కథ అందింది. సంభాషణలు బాగున్నాయి. చివరి పేజీ చదివాక మాత్రం ఒళ్ళు మండింది. అందుకే ఈ ఉత్తరం.

పదిహేనేళ్ళ పిల్లపై అత్యాచారం కేసులో బెయిల్ మీద బయటికొచ్చినవాణ్ణి ఆ పిల్ల అన్న బస్టాండులో నరికేశాడు, జనం చప్పట్లు కొట్టారు, కథ అయిపోయింది. ఎక్కడ అయిపోయిందమ్మా? కేసు విచారణే మొదలవలేదు కదా! బెయిల్ ఇచ్చారంటే వాడు తప్పు చేయలేదని కాదు. పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా, తీర్పు వచ్చేదాకా లోపలే ఉంచాలా అన్నదే అక్కడ చూస్తారు. నువ్వేమో జడ్జి చేత లంచం తినిపించి, నిందితుణ్ణి దోషిని చేసి, శిక్ష కూడా వేసేశావు. లంచం దాకా ఎందుకు? ఇలాంటి కేసులో 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే, నిందితుడు అడిగి పూచీకత్తు ఇస్తే చాలు, జడ్జికి ఇష్టమున్నా లేకపోయినా బెయిల్ ఇవ్వాల్సిందే. ఆ 90 రోజులూ ఫైలు ఎవరి బల్ల మీద పడి ఉందో రాసి చూడు.

ఆ చప్పట్లు మన దగ్గర నిజంగానే మోగాయి. 2019 డిసెంబరు 6న హైదరాబాద్‌కి దగ్గర్లోని చటాన్‌పల్లి వద్ద, 'దిశ' అనే మారుపేరుతో పిలిచిన అమ్మాయిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసుల చేతుల్లో ఉండగానే కాల్పుల్లో చనిపోతే, జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసులు చెప్పిన ఎన్‌కౌంటర్ కథను నమ్మలేదు. చంపాలనే కాల్చారనీ, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లనీ తేల్చింది. 2022లో ఆ నివేదిక బయటికొచ్చేసరికి చప్పట్లు కొట్టినవాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు. ఆ అమ్మాయికి ఏం జరిగిందో సాక్ష్యాలు విని చెప్పే తీర్పు ఆమెకూ దక్కలేదు.

నేను జిల్లా కోర్టు వార్తలు రాస్తూ లైన్ అకౌంట్ డబ్బులతో, అంటే అచ్చయిన వార్తల లెక్కన వచ్చే డబ్బులతో, బతికిన రోజుల్లో, కోర్టు వరండాలో ఒకటే బల్ల ఉండేది. ఒకరోజు దానికి ఈ చివర నిందితుడైన కుర్రాడి తల్లి, ఆ చివర పిల్ల తల్లి, మధ్యలో ఎవరిదో అన్నం సంచి. బంట్రోతు కేసు పిలవగానే ఇద్దరూ ఒక్కసారే లేచారు. దాన్ని కథ చేసి ఓ వారపత్రికకు పంపితే, "మృగాడికి మదర్ సెంటిమెంట్ ఏమిటండీ, ఆ తల్లిని తీసేయండి" అన్నాడు ఎడిటరు. తీయనన్నాను. కథ తిరుగు టపాలో వచ్చింది. ఇప్పటి పోటీల సంగతీ అంతే. మొదటి పేరాలో ఆవేశం, చివరి పేరాలో శవం ఉంటే బహుమతి గ్యారంటీ.

నీ కథలో నువ్వు వదిలేసింది ఆ పిల్లని. రెండో పేజీ తర్వాత ఆమె నోరు విప్పదు. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక వేధింపు కేసులో ఏం చేసిందో తెలుసా? నిందితుడు భార్యతో సహా బాధితురాలి ఇంటికెళ్ళి రాఖీ కట్టించుకుని, 11,000 రూపాయలు ఇవ్వాలని బెయిల్ షరతు పెట్టింది! ఆమె గడప తొక్కడానికి వాడికి కోర్టే దారి చూపించింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది. బాధితురాలిని కలిసేలా చేసే షరతులు పెట్టొద్దంది. నీ కథలో పిల్లకి పదిహేనేళ్ళు. పదహారేళ్ళలోపు బాలికపై అత్యాచారం కేసయితే, బెయిల్ వాదనలప్పుడు ఫిర్యాదుదారు గానీ వాళ్ళ తరఫు మనిషి గానీ ఉండి తీరాలని 2018 నుంచి చట్టంలో ఉంది. మరి నీ కథలో ఆ రోజు కోర్టుకి ఎవరు వెళ్ళారు? అసలు వాళ్ళకి కబురు అందిందా?

జామీను రోజు రాయి. వాడికి పూచీ ఉండటానికి ఇంటి పన్ను రసీదులు పట్టుకుని ఇద్దరు వస్తారు. అందులో ఒకడు ఆ పిల్ల నాన్నకి రోజూ అరువు పెట్టే కిరాణా కొట్టాయన అనుకో. మర్నాడు ఆ ఇంట్లో ఉప్పు అయిపోతే కొట్టుకి ఎవరు వెళ్తారు? వాడు నేరం చేశాడో లేదో నువ్వు తేల్చకు. ఆ పిల్ల భయం తగ్గించీ రాయకు. ఈ రెండూ ఒకే కథలో పట్టించలేమని వాదించేవాళ్ళతో నలభై ఏళ్ళుగా తగాదా పడుతున్నాను, ఇంకా పడతాను.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు 'యథార్థ సంఘటన' అన్న ఆ లైనూ, కింద రాసిన ఊరి పేరూ, స్కూలు పేరూ కొట్టెయ్. బాధితురాలు ఎవరో తెలిసేలా అచ్చు వేయడం నేరం, రెండేళ్ళదాకా జైలు పడొచ్చు. ఇప్పటికే ఎవరికైనా వాట్సాప్‌లో పంపి ఉంటే ఈరోజే తీసేయించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు